గండం చేప

నేరేడ్‌మెట్‌లో హరికిషన్ గారి హాలులో నేల మీద కూర్చుని, బ్రహ్మచారి పైపు కొసను నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాడు. చేపల తొట్టిలోని నీళ్లు పైపులో పైకెక్కి, వంపు తిరిగి, కిందికి దిగాయి. పెదాలకు తగలకముందే కొసను వేలితో మూసి బకెట్‌లోకి వదలాలి. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పనే అయినా అప్పుడప్పుడూ ఒక గుక్క నోట్లోకి వస్తూనే ఉంటుంది. ఇవాళా వచ్చింది. బకెట్‌లో ఉమ్మేసి, భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"నీళ్లు మంచిగున్నయ్ సార్" అన్నాడు.

హరికిషన్ ఫోనులోంచి తలెత్తకుండానే ఊఁ కొట్టాడు. చేపలకు నీళ్లు ఎలా ఉన్నాయన్నది ఆ ఇంట్లో ఎవరికీ పట్టే విషయం కాదు. తొట్టి వెనక లైటు వెలగాలి, బుడగలు రావాలి, వచ్చినవాళ్లు రెండు నిమిషాలు చూసి బాగుందనాలి. బ్రహ్మచారి సంచిలోంచి గీకుడుబిళ్ల తీసి అద్దానికి పట్టిన పాచి గీకడం మొదలుపెట్టాడు.

నీటి సంగతి కొందరు చూసి చెబుతారు. కొందరు చుక్కల మందు వేసి, మారిన రంగును బట్టి చెబుతారు. బ్రహ్మచారి నాలుకతో చెబుతాడు. బోరు నీళ్లు పోసిన తొట్టి సుద్దముక్క కొరికినట్టుంటుంది. నల్లా నీళ్లు అప్పుడే పోసింది గొంతులో మందు వాసన కొడుతుంది. ఏళ్ల తరబడి మార్చని నీళ్లు మాత్రం కాస్త పుల్లగా ఉంటాయి. అవి చూడ్డానికి తేటగా, ముచ్చటగా ఉంటాయి. అక్కడే వస్తుంది చిక్కంతా.

అరవై ఒకటి నడుస్తోంది అతనికి. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. వేళ్ల కొసలు ఎప్పుడూ నానిపోయి తెల్లగా ముడతలు పడి ఉంటాయి గాని, చెయ్యి మొత్తంగా చూస్తే వడ్రంగి చెయ్యి. ఎడమ బొటనవేలి మీద ఉలి దిగిన మచ్చ ఉంది. చిలకలగూడలో వాళ్ల నాయన తలుపులు, మంచాలు చేసేవాడు. కొడుకు ఒక చేపల దుకాణానికి తొట్ల కింద పెట్టే చెక్క స్టాండ్లు చేసిచ్చేవాడు. ఇనుప స్టాండ్లు వచ్చి ఆ పని పోయాక, దుకాణాయన జాలిపడి అతని చేతికి ఒక పైపూ, ఒక వలా ఇచ్చి, ఇళ్లకు తిరిగి తొట్లు కడగమన్నాడు. తాత్కాలికమే అనుకున్నాడు బ్రహ్మచారి. ఆ తాత్కాలికంలోనే పిల్ల పెళ్లి అయింది, జుట్టు తెల్లబడింది, మోకాళ్లు అరిగాయి.

పైపూ వలతో పాటు దుకాణాయన ఒక మాట కూడా నేర్పాడు. చేప చచ్చిపోయిన ఇంట్లోవాళ్లు మొహం మాడ్చుకుని కూర్చుంటే, "మీ ఇంటికి రావాల్సిన గండం దాని మీదికి పోయింది. మంచిదే అయింది" అనాలి. అప్పటిదాకా తొట్టివాడి మీద కోపంగా ఉన్నవాళ్లు ఆ మాటతో మెత్తబడతారు. కొందరు చచ్చిన చేపకు దండం పెట్టి మరీ కుండీలో పూడ్చిపెడతారు. తనవల్ల చచ్చిన చేపలకూ, వాటంతటవి చచ్చినవాటికీ బ్రహ్మచారి ఇన్నేళ్లూ ఒకే మాట వాడాడు. అబద్ధమని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. నలుగురూ నమ్మేదే కదా, పోయిందేముంది అనుకునేవాడు.

జేబులో ఫోను మోగింది. తడి చేతిని తువ్వాలుకు తుడుచుకుని తీశాడు. తిరుమలగిరి రమణయ్య గారు.

"చారీ, అది ఇంకా తిరుగుతోందయ్యా."

"ఏది సార్?"

"ఏదేటి? నల్లది. నువ్వు తెచ్చి వారం అయిపోయింది. చావలేదు. నాకేటో గాభరాగా ఉంది. బేగి రా. వస్తూ ఇంకో నల్లది పట్టుకొని రా."

"వస్తున్న సార్" అని ఫోను పెట్టేశాడు. మళ్లీ గీకుడుబిళ్ల అందుకున్నాడు.

పొద్దున ఇంట్లో బయల్దేరేటప్పుడు భార్య లచ్చమ్మ గిన్నె మూత పెడుతూ అడిగింది, ఇవాళైనా ఆ పెద్దమనిషికి చెబుతావా అని. "ఇయ్యాల చెప్త" అన్నాడు. "పోయిన మంగళారం సుత గిదే అన్నవ్. అంతకుముందు మంగళారం సుత గిదే అన్నవ్. నువ్వు చెప్పేలోపట ఆ అమ్మ ఉంటదా?" అంది లచ్చమ్మ. అతను బండి తీశాడు. దారిలో దుకాణం ముందు ఆగలేదు. ఎప్పటిలా నల్ల చేపను కొననూ లేదు. చేతిలో చేప ఉంటే మళ్లీ నోరు పెగలదని భయం.

చెప్పాల్సిన సంగతి ఇది.

రమణయ్య గారిది విజయనగరం వైపు. ఆఫీసు ఉద్యోగం మీద వచ్చి, రిటైరై, తిరుమలగిరిలో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తులో ఉండిపోయారు. వాళ్ల హాలులో నాలుగడుగుల తొట్టి పెట్టి పన్నెండేళ్లయింది. పెట్టింది బ్రహ్మచారే. అందులో ఒక బంగారు చేప ఉంది. వచ్చినప్పుడు నారింజ రంగులో బొటనవేలంత ఉండేది. ఇప్పుడు అరచెయ్యంత అయింది, రంగంతా పోయి తెల్లబారింది. రమణయ్య గారి భార్య అమ్మన్నమ్మ దాన్ని ముసలమ్మ అంటుంది.

మొదట్లో బ్రహ్మచారి వారంవారం రెండు బకెట్ల నీళ్లు తీసి, రెండు బకెట్లు పోసేవాడు. తీసినవి కిందికి మోసుకెళ్లి మొక్కలకు పొయ్యాలి. బాత్రూములో పారబోస్తే పాచి వాసనని అమ్మన్నమ్మకు గిట్టదు. నాలుగేళ్ల కిందట మోకాళ్లు మొరాయించాయి. ఒక వారం మానేశాడు. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇంకో వారం మానేశాడు. తర్వాత తర్వాత ఆవిరైపోయినంత మేర ఒక చెంబెడు పైన పోసి, అద్దం తుడిచి వచ్చేయడం అలవాటైంది. ఇంట్లోవాళ్లకు తేడా తెలియలేదు. ముసలమ్మ కూడా ఏమీ అనలేదు. అడుగున ఇసుకలో చేరిన మురుగు మెల్లమెల్లగా నీళ్లను పులిపిస్తుంటే, అదీ మెల్లమెల్లగా ఆ పులుపుకు అలవాటుపడింది. అలాంటి నీళ్లలోకి దుకాణం నుంచి కొత్త చేపను తెచ్చి వదిలితే అది తట్టుకోలేదు. పోనీ అని మొత్తం నీళ్లు ఒక్కసారే మారిస్తే ముసల్ది తట్టుకోలేదు. ఇదంతా బ్రహ్మచారికి బాగా తెలుసు.

నాలుగు నెలల కిందట అమ్మన్నమ్మకు ఆయాసం మొదలైంది. ఇంట్లో ఒక నల్ల చేప ఉంటే మంచిదని ఎవరో అన్నారట. రమణయ్య గారు తెమ్మన్నారు. తెచ్చి వదిలిన మర్నాడే అది వెల్లకిలా తేలింది. ఆయన మొహం చూసి, తొట్టి గురించి అడుగుతారేమోనని భయపడి, బ్రహ్మచారి తన పాత మాట అందుకున్నాడు. "అమ్మకు రావాల్సిన గండం దాని మీదికి పోయింది సార్."

ఆ రాత్రి అమ్మన్నమ్మ హాయిగా నిద్రపోయిందట. అంతే, రమణయ్య గారు ఆ మాట పట్టుకున్నారు. నల్ల చేప చచ్చినప్పుడల్లా ఇంకొకటి తెమ్మన్నారు. ఏడు చచ్చాయి. ఏడింటికీ ఆయన దండం పెట్టారు. మూడు వారాల కిందట డాక్టరు, గుండెలో వాల్వు ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు, వెంటనే ఆస్పత్రిలో చేర్చండి అంటే, "ఇంకో రెండు మంగళవారాలు చూద్దాం, తగ్గుతోంది కదా" అన్నారు. కూతురు దేవిక ఎంత గింజుకున్నా వినలేదు.

బ్రహ్మచారికి అంతకుముందే సిగ్గు పట్టుకుంది. ఐదు వారాలుగా ఎవరికీ చెప్పకుండా, ఆ నాలుగంతస్తులూ అరబకెట్టు దించి అరబకెట్టు పోస్తున్నాడు. ఒకే రోజు మరీ ఎక్కువ మార్చకుండా, మంగళవారం కొంత, శుక్రవారం కొంత. మొదట ఒక్కరోజులో చచ్చిన చేపలు మూడు రోజులుండటం మొదలుపెట్టాయి, తర్వాత ఐదు రోజులు. నీళ్లు బాగుచేస్తే చేపలు చావవు, చేపలు చావకపోతే ఆయనే భయపడి భార్యను ఆస్పత్రికి తీసుకెళతారు, తను నోరు విప్పే అవసరం రాదు అని అతని లెక్క. తెలివైన లెక్కే. పిరికివాళ్ల లెక్కలన్నీ తెలివిగానే ఉంటాయి. అసలు సంగతి బయటపడితే, రమణయ్య గారు చెప్పి పని ఇప్పించిన ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ పోతాయి. ఈ వయసులో వడ్రంగం చేస్తానంటే రమ్మనేవాళ్లు లేరు.

హరికిషన్ గారి తొట్టికి మూత పెట్టి, బండెక్కాడు.

అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ జెరెమియా కుళాయి కింద ముఖం కడుక్కుంటున్నాడు. బ్రహ్మచారి చేతుల వైపు చూసి, "ఏంది అన్నా, ఇయ్యాల చేప లేదా?" అన్నాడు.

"లేదు."

"పెద్దసారు పొద్దుగాల్నుంచి రెండుసార్లు దిగిండు, నువ్వొచ్చినవా అని."

పైపూ వలా ఉన్న సంచి భుజాన వేసుకుని మెట్లెక్కాడు. ప్రతి అంతస్తులోనూ ఆగి, గోడ పట్టుకుని, ఒక కాలు చాపుకుని మళ్లీ ఎక్కాడు. నాలుగో అంతస్తులో తలుపు తీసే ఉంది. దేవిక ఆఫీసు బట్టల్లో, జడ వేసుకోకుండా నిలబడి ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి, బ్యాంకులో ఉద్యోగం. ఒక్కపూట ఇల్లు వదిలితే ఏమవుతుందోనని వారం నుంచి సరిగా వెళ్లడమే లేదు.

"చారి గారూ, ఒక్కసారి మీరు చెప్పండి. నాన్న నా మాట ఎలాగూ వినడు. రాత్రంతా అమ్మ కూర్చునే ఉంది. ఒరిగితే ఊపిరాడట్లేదు" అంది గొంతు తగ్గించి.

హాలులో తొట్టికి ఎదురుగా సోఫాలో, వీపు వెనక మూడు దిండ్లు పెట్టుకుని కూర్చుంది అమ్మన్నమ్మ. పాదాలు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి. పెదాలు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. అతన్ని చూసి చెయ్యి కొంచెం ఎత్తింది.

"వచ్చావా తమ్ముడూ. ముసలమ్మ బాగానే తింటోంది" అంది. ఆ రెండు ముక్కలకే రెండుసార్లు ఆగింది.

రమణయ్య గారు తొట్టి ముందు నిలబడి ఉన్నారు. బనీను మీద తువ్వాలు, చేతిలో కళ్లజోడు. నీళ్లలో తెల్ల చేప వెనకే నల్లది తిరుగుతోంది. దాని తోక బట్టలా పరుచుకుని కదులుతోంది. నిక్షేపంలా ఉంది.

"చూశావా? ఎలగ తిరుగుతోందో చూశావా? ఇంకో చేప ఏదీ?" అన్నారు.

"తేలేదు సార్."

"తేలేదా? ఫోన్లో చెప్పాను కదేటి!"

"సార్, జెర కూసోండ్రి. ఒక మాట చెప్పాలె."

ఆయన కూర్చోలేదు. బ్రహ్మచారి కూడా నిలబడే చెప్పాడు. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిందేదీ గుర్తురాలేదు.

"గండం గిండం ఏం లేదు సార్. నీళ్లు ఖరాబైనయ్. నేనే ఖరాబ్ జేసిన. మోకాళ్లు నొస్తున్నయని నాలుగేండ్ల సంది నీళ్లు మార్చలే. పైన పైన పోసిన, అద్దం తుడిచిన, పోయిన. గా నీళ్లల్ల కొత్త చేప ఏదేసినా సస్తది. ముసల్ది అలవాటైంది గాబట్టి బతికింది."

రమణయ్య గారు కళ్లజోడు పెట్టుకున్నారు, వినడానికి అది అవసరమైనట్టు.

"ఏటంటున్నావు నువ్వు?"

"మొదటి చేప సచ్చిననాడు మీరు నన్నంటరని భయమై గండమని చెప్పిన. అబద్ధం సార్. అమ్మ తక్లీఫుకు, చేపకు ఏం సంబంధం లేదు. ఇప్పుడున్న చేప ఎందుకు సావలేదంటే, ఐదు వారాల సంది ఇన్నిన్ని నీళ్లు మారుస్తున్న. అంతే. అమ్మను దవాఖానకు తీస్కపోండ్రి సార్. మీ కాళ్లు మొక్కుత."

వంటింటి గుమ్మంలో దేవిక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. తొట్టి వెనక గాలిపంపు గుర్రుమంటోంది. రమణయ్య గారు అద్దం వైపు తిరిగారు.

"ఏడు" అన్నారు. "ఏడింటికీ దండం పెట్టాను చారీ. స్నానం చేసి మరీ పెట్టాను."

"తప్పయింది సార్."

"మరి ఆవిడ పడుకుందే! చేప పోయిన ప్రతి రాత్రీ పడుకుంది. నేను చూశాను కదా, పక్కనే కూర్చొని చూశాను."

 తిడతారనుకున్నాడు బ్రహ్మచారి. మెడపట్టి గెంటుతారని కూడా అనుకున్నాడు. డెబ్భై రెండేళ్ల మనిషి తన ముందు అంత చిన్నగా అయిపోతాడని అనుకోలేదు. బ్రహ్మచారికి ఏడుపొచ్చింది. తడి తువ్వాలుతో మొహం రుద్దుకున్నాడు.

"ఏమండీ" అంది అమ్మన్నమ్మ సోఫాలోంచి. "నేను వెళ్తానండి ఆస్పత్రికి. నాకు భయం లేదు. మీరే కదా భయపడుతున్నారు." ఊపిరి తీసుకుని, "బీరువాలో నా మంచి చీర తియ్యి దేవికా" అంది.

దానితో అందరూ ఒక్కసారిగా కదిలారు. దేవిక అంబులెన్సుకు ఫోన్ చేసింది. ముప్పావుగంట పడుతుందన్నారు. బ్రహ్మచారి కిటికీలోంచి జెరెమియాను కేకేసి ఆటో ఆపి పైకి రమ్మన్నాడు. చీర మార్చడానికి అమ్మన్నమ్మకు ఓపిక లేకపోయింది. కట్టుకున్న చీర మీదే మంచి చీరను శాలువలా కప్పింది దేవిక. మెట్లు దిగడం ఆమె వల్ల కాదు. పక్క ఫ్లాటువాళ్ల బాల్కనీలోంచి ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చారు. ఆమెను అందులో కూర్చోబెట్టి, కింద కాళ్ల వైపు జెరెమియా, పైన వీపు వైపు బ్రహ్మచారి పట్టుకున్నారు.

"మీ మోకాళ్లు, చారి గారూ" అంది దేవిక.

"ఏం గాదమ్మా" అన్నాడు. నిజంగానే ఆ క్షణాన వాటి సంగతి అతనికి గుర్తులేదు.

మూడో అంతస్తు దాకా అమ్మన్నమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, ప్రతి మెట్టుకీ కళ్లు మూసి తెరిచింది. అక్కడ ఆగి, దించి, ఊపిరి పీల్చుకున్నారు. ఆమె తల వెనక్కి వాల్చి బ్రహ్మచారి మొహంలోకి చూసింది.

"చెప్పీసావు. మంచిపని చేశావు తమ్ముడూ" అంది. "ముసలమ్మకి నీళ్లు చూస్తుండు."

మళ్లీ ఎత్తారు. రెండో అంతస్తు మలుపులో కుర్చీ గోడకు రాసుకుంది. జెరెమియా "మెల్లగ, మెల్లగ" అంటున్నాడు. వెనక రమణయ్య గారి చెప్పుల చప్పుడు, దేవిక ఎవరితోనో ఫోనులో ఆస్పత్రి పేరు చెప్పడం వినిపిస్తున్నాయి. మొదటి అంతస్తు దాటుతుండగా ఆమె కుడిచెయ్యి కుర్చీ మీంచి జారి పక్కకు వేలాడింది. తల పక్కకు వాలి బ్రహ్మచారి మణికట్టు మీద ఆగింది. జుట్టుకు రాసిన కొబ్బరినూనె అతని చేతికి అంటింది. బరువులో ఏదో మారింది. ఏళ్ల తరబడి బకెట్లు మోసిన చేతులకు ఆ మార్పు వెంటనే తెలిసింది. మెట్ల మధ్యలో దించడానికి చోటు లేదు. జెరెమియా మొహం కిందికి ఉంది, చూడలేదు. బ్రహ్మచారి ఏమీ అనకుండా మిగిలిన మెట్లన్నీ దిగాడు.

గేటు దగ్గర ఆటో సిద్ధంగా ఉంది. కుర్చీ నేలకు ఆనించాక దేవిక ముందుకొచ్చి, "అమ్మా" అని గడ్డం పట్టుకుంది. ఇంకోసారి పిలిచింది. తర్వాత పిలవలేదు. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసి, చెవి ఛాతీకి ఆనించి, అలాగే కూలబడింది. ఆటోవాడు ఇంజను ఆపాలో వద్దో తెలియక అటూఇటూ చూశాడు.

"ఎక్కించండి. డాక్టరు చూడాల, డాక్టరు చెప్పాల" అన్నారు రమణయ్య గారు.

ఎక్కించారు. తల్లి తలను దేవిక ఒళ్లో పెట్టుకుంది. రమణయ్య గారు ఒక కాలు ఆటోలో పెట్టి, కడ్డీ పట్టుకుని, వెనక్కి తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు. ఏదో చిన్న విషయం ఇప్పుడే అర్థమైనట్టుంది.

"చారీ" అన్నారు. "ఈ వారం చేప చావలేదు కదయ్యా."

"సార్..."

"నువ్వే కదా బతికించీసావు."

బ్రహ్మచారి నోరు తెరిచాడు. ఇందాక పైన చెప్పిందంతా మళ్లీ మొదటినుంచి చెప్పాలనుకున్నాడు. నీళ్లు, ఇసుక, మోకాళ్లు, నాలుగేళ్లు.  చెప్పినా ఆయన చెవికి ఎక్కదని, ఇక ఈ జన్మకు ఎక్కదని అతనికి తెలిసిపోయింది. ఆ గండం మాటను ఆ మనిషి నోట్లో పెట్టింది తనే. ఆటో కదిలి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది.

జెరెమియా టోపీ తీసి చేత్తో పట్టుకుని, గేటు మూయడానికి వెళ్లాడు. బ్రహ్మచారి బండి దగ్గరికి నడిచాడు. పైన తలుపు తీసే ఉందని, పైపూ వలా అక్కడే ఉన్నాయని గుర్తొచ్చినా వెనక్కి వెళ్లలేదు.

గేటు పక్కన ఎండలో ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ రోడ్డు వైపు తిరిగి ఉండిపోయింది, దాని కుడిచేతి మీద ఆమె పట్టుకున్నచోట చెమట తడి ఇంకా ఆరలేదు.